పారలల్ ప్రోగ్రామింగ్: ముందు థియరీనా, కోడా?

హనుమకొండ ఎంటెక్ విద్యార్థి: మా కాలేజీలో వచ్చే సెమిస్టర్ సిలబస్ మీద వాదన నడుస్తోంది. ఒకే ప్రోగ్రామ్‌ని చాలా కోర్ల మీద ఒకేసారి నడిపించే ఓపెన్‌ఎంపీతో మొదలుపెడదామని ఒక సార్ అంటున్నారు. మామూలు ప్రోగ్రామ్‌ని బీజగణిత సూత్రాలతో మెల్లగా పారలల్‌గా మార్చే బర్డ్-మీర్టెన్స్ పద్ధతి ముందు చెప్పాలని ఒక మేడమ్ పట్టు. మీరేమంటారు?

కాజీపేట డెవలపర్: ఓపెన్‌ఎంపీయే. లూప్ మీద ఒక్క ప్రాగ్మా, అంటే కంపైలర్‌కు ఒక సూచన లైను, పెడితే కోర్లన్నీ పనిలోకి దిగుతాయి. అది కళ్లారా చూస్తేనే పిల్లలకు ఇంట్రెస్ట్ వస్తుంది. ఇంటర్వ్యూలో హోమోమార్ఫిజం లాంటి సూత్రాలు ఎవరూ అడగరు.

కరీంనగర్ లెక్చరర్: తమ్ముడూ, ఏ లూప్ మీద పెట్టొచ్చో తెలిసేదెలా? ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర రోజూ ఎంత పెరిగిందో, తగ్గిందో జాబితా ఉందనుకో. వరుసగా ఏ రోజులు తీసుకుంటే మొత్తం పెరుగుదల ఎక్కువో కనుక్కోవాలి. దీనికి కడానే అల్గారిథం ఉంది, దాని లూప్ జాబితాను ఒక్కసారి చదివి చెప్పేస్తుంది. కానీ ప్రతి అడుగుకూ అంతకుముందు అడుగు విలువ కావాలి, అందుకే ప్రాగ్మా పెడితే జవాబు చెడుతుంది. జాబితాను రెండుగా కోసి, రెండు జవాబుల్లో పెద్దది తీసుకున్నా తప్పే. అసలు వరుస కోత మీదుగా పోవచ్చు కదా.

మేడమ్ చెప్పే హోమోమార్ఫిజం సూత్రం అడిగేది ఒక్కటే: ముక్కల ఫలితాల నుంచే మొత్తం ఫలితం రావాలి, కలిపే పద్ధతి సాహచర్య ధర్మం పాటించాలి, అంటే ఏ పక్కపక్క ముక్కలను ముందు కలిపినా ఫలితం ఒకటే కావాలి. అందుకని ప్రతి ముక్క నాలుగు విలువలు మోయాలి: మొత్తం, మొదటి నుంచి సాగే వరుసల్లో గరిష్ఠం, చివరి వరకు సాగే వరుసల్లో గరిష్ఠం, లోపల ఎక్కడైనా గరిష్ఠం. ఎడమ ముక్క 'చివరి వరకు', కుడి ముక్క 'మొదటి నుంచి' కూడితే కోత దాటిన వరుస దొరుకుతుంది. ఇక ఎన్ని ముక్కలు చేసినా జవాబు మారదు. ఈ నాలుగూ ఊహతో తట్టేవి కావు, సూత్రం తోడు ఉంటే వరుసగా రాబట్టొచ్చు.

కాజీపేట డెవలపర్: లెక్క బాగుంది సర్. కానీ ఫ్లోట్ (కంప్యూటర్‌లో దశాంశ సంఖ్యల) కూడికలో సాహచర్యమే లేదు, క్రమం మారితే చివరి అంకెలు మారతాయి. పైగా మేం రాసేది ఒకే డేటాను చాలా థ్రెడ్‌లు పంచుకునే, ఒకరి తర్వాత ఒకరు ముట్టుకునేలా లాకులు వేసే సర్వర్ కోడ్. జాబితాల లెక్క అక్కడ నడవదు.

కరీంనగర్ లెక్చరర్: ఫ్లోట్ సంగతి నిజమే. కోర్ల విడి మొత్తాలను కలిపే ఓపెన్‌ఎంపీ రిడక్షన్ వాడినా అదే తేడా వస్తుంది. ఎందుకొస్తుందో చెప్పేది మాత్రం ఆ సూత్రమే. ఒకేసారి నడిచే పనులకు వేరే థియరీ ఉంది: షేర్డ్ డేటా ప్రోగ్రామ్ సరైనదని నిరూపించే 1976 నాటి ఒవికీ, గ్రీస్ పద్ధతి, సందేశాలతో మాట్లాడుకునే పనులకు 1978లో హోర్ సీఎస్‌పీ, ఆ తర్వాత డిజైన్‌ను గణితంగా రాసి పరీక్షించే లాంపోర్ట్ టీఎల్‌ఏ ప్లస్. టెస్టింగ్‌లో దొరకని బగ్‌లను టీఎల్‌ఏ ప్లస్‌తో పట్టుకున్నామని అమెజాన్ ఇంజనీర్లు 2015లో రాశారు. రేస్, అంటే థ్రెడ్‌లు ఒకే డేటా కోసం పోటీపడి తప్పు జవాబిచ్చే బగ్, ల్యాబ్‌లో కనిపించకుండా కస్టమర్ దగ్గర బయటపడుతుంది, ఆ టెన్షన్ నీకు తెలియనిది కాదు.

కాజీపేట డెవలపర్: ఒప్పుకుంటా సర్. అయినా మొదటి వారమే సూత్రాలంటే సగం క్లాసు జారుకుంటుంది. ముందు ల్యాబ్‌లో కడానే లూప్ మీద ప్రాగ్మా పెట్టించండి, తప్పు జవాబులు చూడనివ్వండి. మేడమ్ పాఠం ఆ మరుసటి రోజే పెట్టండి.