ఫైనాన్షియల్ డేటా కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చేరాలా, బ్యాంకు పరీక్షలే రాసుకోవాలా?

ఖమ్మం కామర్స్:

అందరికీ నమస్కారం. బీకాం తరువాత హన్మకొండలో ఎంబీఏ ఫైనాన్స్ చేశాను. హైదరాబాద్‌లోని ఒక పెద్ద అమెరికన్ ఫైనాన్షియల్ డేటా కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. హోదా రీసెర్చ్ అసోసియేట్. తరుగుదల పెరిగితే లాభనష్టాల ఖాతాలో, ఆస్తి అప్పుల పట్టీలో, నగదు ప్రవాహంలో ఏం మారుతుందని ఇంటర్వ్యూలో అడిగారు. ఒక వార్షిక నివేదిక చేతికిచ్చి నికర అప్పు లెక్కకట్టమన్నారు. అవన్నీ బాగానే చేశాను కానీ, అక్కడ రోజూ చేసే పని ఏమిటో నాకు ఇంకా స్పష్టంగా తెలియలేదు. మా నాన్నగారు "షేర్ల వ్యాపారమా?" అని భయపడుతున్నారు. మామయ్య మాత్రం క్లర్కుగానైనా బ్యాంకే మేలంటున్నారు. ఈ పనంతా ఇక యంత్రాలే చేసేస్తాయని ఒక స్నేహితుడు అంటున్నాడు. లోపల పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పగలరా?

జీఎస్టీ మిత్ర:

చేరవద్దని అనను, హోదా చూసి మాత్రం మురిసిపోకండి. ఇలాంటి చోటే కొన్నాళ్లు చేశాను, పేరెందుకు లెండి. పేరుకు రీసెర్చ్. చేసేది ఎడమ తెర మీది అంకెను కుడి తెర మీది గడిలో నింపడం. రోజుకు ఇన్ని పత్రాలని లెక్క, ఒక్కోదానికి ఇన్ని నిమిషాలని లెక్క. మంచినీళ్లకు లేచినా ఆ గడియారం ఆగదు. అప్రైజల్ నాడు మీకు కంపెనీల గురించి ఏం తెలుసని ఎవరూ అడగరు, ఎన్ని తప్పులు దొర్లాయనే అడుగుతారు. విసుగెత్తి బయటికొచ్చి జీఎస్టీ పనులు చూసుకుంటున్నాను. రాత్రి కంటినిండా నిద్రపోతున్నాను.

అధోసూచిక:

పై మిత్రుడు చెప్పినది నిజమే. నిమిషాల లెక్క, తప్పుల లెక్క నేనూ పడ్డాను. అయినా నాకు ఈ పని మీద మోజు తగ్గలేదు. చాలా ఏళ్లుగా ఇందులోనే ఉన్నాను. సంస్థ మారాను కానీ పని మారలేదు. ఇప్పుడు ఒక బృందాన్ని చూసుకుంటున్నాను. ఈ రోజు సెలవు, కాబట్టి తీరిగ్గా చెబుతాను.

ముందు మీ నాన్నగారి భయం. ఇది షేర్ల వ్యాపారం కాదు. పైగా ఇలాంటి చాలా సంస్థల్లో మీ సొంత డీమ్యాట్ ఖాతా వివరాలను కూడా నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ విభాగానికి చెప్పుకోవాలి. ఇక్కడ అమ్మేది సమాచారం. ఒక్కో కంపెనీ తన లెక్కలను తన దేశపు పద్ధతిలో, తన కరెన్సీలో, తనకు తోచిన వరుసలో ప్రకటిస్తుంది. వాటన్నిటినీ ఒకే మూసలోకి తెచ్చి, టయోటా పక్కన టాటా మోటార్స్‌ను పెట్టి చూసుకునే వీలు కల్పించి, అందుకు ఏడాది చందా వసూలు చేస్తారు. బ్లూంబర్గ్, ఎస్‌అండ్‌పీ గ్లోబల్, ఫ్యాక్ట్‌సెట్, లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్ గ్రూపు డేటా విభాగం, స్థూలంగా అందరిదీ ఇదే జీవనాధారం. ఈ సమాచారమంతా చూపించే బ్లూంబర్గ్ టెర్మినల్ ఒక్కదానికే ఏడాదికి 25 వేల డాలర్ల పైమాట. అంత కట్టినవాడు తప్పు అంకె కనబడితే ఊరుకుంటాడా? అందుకే మన నెత్తిన ఆ తప్పుల లెక్క.

ఇక పని. మిమ్మల్ని మన దేశపు కంపెనీల బృందంలో వేశారనుకోండి. కంపెనీ బోర్డు సమావేశం ముగించి స్టాక్ ఎక్స్ఛేంజీకి పీడీఎఫ్ పంపుతుంది. చిన్న కంపెనీ అయితే అది స్కాన్ చేసిన కాగితం. వంకరగా ఉంటుంది, ఆడిటర్ గుండ్రటి ముద్ర సరిగ్గా మనకు కావలసిన అంకె మీదే పడి ఉంటుంది. చాలావాటిలో మొదట స్టాండలోన్ (మాతృసంస్థ ఒక్కదానివే) లెక్కలు, తరువాత కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థలనూ కలిపినవి). తొందరలో మొదటిది పట్టుకుంటే అనుబంధ సంస్థల అమ్మకాలన్నీ గల్లంతు. పట్టిక పైన ఒక మూల "రూ. లక్షల్లో" అని చీమ తలంత అక్షరాల్లో ఉంటుంది. కిందటి త్రైమాసికం దాకా లక్షల్లో ఇచ్చిన కంపెనీ ఈసారి చెప్పాపెట్టకుండా కోట్లలోకి మారితే, చూసుకోనివాడి లెక్కలో అమ్మకాలు వందో వంతుకు పడిపోతాయి. ఇలాంటివి సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది లెండి. అది పట్టలేనివన్నీ కింద నోట్సులో దాక్కుంటాయి.

ఒక వస్త్ర కంపెనీ మార్చి ఫలితాలు చెబుతాను. అమ్మకాలు కదలలేదు, లాభం మాత్రం మూడింతలైంది. అసాధారణ అంశాల వరుస ఖాళీ. ఇతర ఆదాయం వరుస చూస్తే ఉబ్బిపోయి ఉంది. ఐదో నోటులో, పెన్షన్ లెక్కల కబుర్ల మధ్య, పాత మిల్లు స్థలం అమ్మిన సంగతి ఒకే ఒక్క వాక్యం. కంపెనీ దాన్ని మామూలు ఆదాయంలో కలిపేసింది. మనమూ అలాగే వదిలేస్తే, ఆ కంపెనీ బట్టలమ్మి అంత సంపాదించిందని బోస్టన్‌లో కూర్చున్నవాడు అనుకుంటాడు. కాబట్టి మా నిబంధనల పుస్తకం ప్రకారం దాన్ని విడదీసి పక్కన పెట్టాలి. ఎంతని విడదీయాలి? నోటులో ఇచ్చింది అమ్మిన ధర. మనకు కావలసింది పుస్తక విలువ, అంటే ఖాతాల్లో ఆ స్థలానికి రాసి ఉన్న విలువ, పోగా మిగిలిన లాభం. మార్చి ఫలితాలు కాబట్టి నగదు ప్రవాహ పట్టిక కూడా జతచేశారు. అందులో స్థిరాస్తుల అమ్మకంపై లాభమని తీసివేసిన వరుస ఒకటుంది. నాకు కావలసిన అంకె అక్కడ దొరికింది. ఆ పూట నేను లక్ష్యం కన్నా వెనకబడ్డాను, చీవాట్లూ తిన్నాను. అయినా ఆ అంకె దొరికిన క్షణం కోసమే మళ్లీ మర్నాడు వెళ్లాలనిపిస్తుంది. మీకు అలా అనిపించకపోతే ఈ పని నిజంగానే ఎత్తిరాత.

ఇంకో తమాషా. ఎస్‌అండ్‌పీ వారి కాంప్యుస్టాట్ అనే డేటాబేస్‌లో జనవరి నుంచి మే లోపు ముగిసే ఆర్థిక సంవత్సరాన్ని అంతకు ముందటి ఏడాది కింద రాస్తారు. మనవాళ్లు ఎఫ్‌వై24 అనే 2024 మార్చి ఏడాది అక్కడ 2023. కొత్తవాళ్లు దీనితో తల పట్టుకుంటారు.

వేళల సంగతికి వస్తే, అమెరికా బృందమైతే రాత్రులు తప్పవు. న్యూయార్క్‌లో సాయంత్రం 4 గంటలకు మార్కెట్ మూసేసరికి మనకు వేసవిలో రాత్రి ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర. పెద్ద టెక్నాలజీ కంపెనీలు చాలావరకు ఆ గంట కొట్టాకే ఫలితాలు వదులుతాయి. మన దేశపు బృందానికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన గడువుల బాధ: త్రైమాసికం ముగిశాక 45 రోజులు, మార్చి లెక్కలకు 60 రోజులు. చిన్న కంపెనీలన్నీ ఫిబ్రవరి 14, మే 30, ఆగస్టు 14, నవంబరు 14 దాకా చేతులు ముడుచుకు కూర్చుని, ఆ సాయంత్రం కట్టగట్టుకుని వస్తాయి. స్వాతంత్ర్య దినోత్సవమంటే మాకు నిద్రపోయే రోజు.

సంక్రాంతి మరో తంటా. అమెరికా పెద్ద బ్యాంకుల ఫలితాలు జనవరి మధ్యలోనే మొదలవుతాయి. బృందంలో సగం మందికి పైగా తెలుగువాళ్లమే, అందరికీ ఊరికి పోవాలనే ఉంటుంది. ఒక ఏడు పోయినవాళ్లు మరుసటి ఏడు ఉండాలని మా దగ్గర ఒప్పందం. కొత్త అల్లుళ్లకు మినహాయింపు. ఆ నిబంధన పెట్టింది నేనే.

యంత్రాల గురించి మీ స్నేహితుడు ఆలస్యంగా మేల్కొన్నాడు. అమెరికాలో మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2009 నుంచే దశలవారీగా కంపెనీల చేత ఎక్స్‌బీఆర్‌ఎల్ ట్యాగులతో (ఒక్కో అంకెకు తగిలించే కంప్యూటర్ చీటీలతో) లెక్కలు ఇప్పిస్తోంది. ఏ అంకె దేనిదో కంప్యూటరే చదువుకుంటుంది. ఇప్పుడు కృత్రిమ మేధ వంకర స్కాన్లనూ చదివేస్తోంది. ఎత్తిరాతకు మనుషులను తీసుకోవడం మా దగ్గర బాగా తగ్గింది, దాచిపెట్టి లాభం లేదు. అయితే ఆ ట్యాగు తగిలించేది కూడా మనిషే. సరైన ట్యాగు ఉండగానే సొంతంగా ఒకటి సృష్టించుకునే కంపెనీలకు కొదవలేదు. ఆ మధ్య మిల్లు స్థలం లాంటి నోటునే ఒక కొత్త సాధనానికి ఇచ్చి చూశాం. అమ్మిన ధరనే లాభమనుకుని ఠక్కున పట్టుకొచ్చింది, అదీ ఎంతో ధీమాగా.

జీతం మొదట్లో మీ సాఫ్ట్‌వేర్ స్నేహితుల కంటే తక్కువే ఉంటుంది, పెరుగుదల కూడా నిదానం. మా దగ్గర నుంచి సీఎఫ్‌ఏ అనే పెట్టుబడి విశ్లేషణ కోర్సు పూర్తి చేసి పెట్టుబడి సంస్థల పరిశోధన విభాగాలకు వెళ్లినవాళ్లు ఉన్నారు. ఏళ్ల తరబడి అదే గడిలో అదే అంకె నింపుతూ ఉండిపోయినవాళ్లూ ఉన్నారు.

దాదర్ తెలుగు:

నేను అవతలి గట్టున ఉన్నాను. ముంబయిలో ఒక ఫండ్‌లో ఈ డేటానే వాడుకుంటాను. ఒకసారి ఒక కంపెనీ ఉన్న ఒక్కో షేరుకు ఇంకో షేరు చొప్పున బోనస్ ఇచ్చింది. పాత సంవత్సరాల ఈపీఎస్‌ను, అంటే ఒక్కో షేరుకు వచ్చే లాభాన్ని, డేటాలో ఆ మేరకు సవరించలేదు. ఒక్కో షేరు లాభం ఒక్కసారిగా సగమైనట్టు మా తెర మీద కనబడింది. నా పైఅధికారి ఆ షేరును జాబితా నుంచి కొట్టేయబోయారు. ఫిర్యాదు పంపితే అదే రోజు సరిచేసి, ప్రకటనలో ఏ పేజీ, ఏ పేరా అన్నది కూడా రాశారు. జవాబు రాసినది హైదరాబాద్ నుంచే. ఆ అమ్మాయికి ఆ కంపెనీ గురించి మా ఆఫీసులో ఎవరికన్నా ఎక్కువ తెలుసు. తర్వాత ఆ అమ్మాయిని మా దగ్గరికి లాగాలని చూశాం, రాలేదు.

ఖమ్మం కామర్స్:

అందరికీ ధన్యవాదాలు. అధోసూచిక గారూ, నాన్నగారికి చదివి వినిపించాను. డీమ్యాట్ మాట విన్నాక కొంచెం కుదుటపడ్డారు. చేరే ముందు హెచ్‌ఆర్ వాళ్లను ఏం అడగాలి? బ్యాంకు పరీక్షలు వదిలేయాలా?

అధోసూచిక:

ఎందుకు వదలడం? రాయండి. ఫలితాల సీజన్లో మాత్రం సెలవు దొరకడం కష్టం, తేదీలు చూసుకోండి.

హెచ్‌ఆర్‌ను ముందుగా బృందం పేరు అడగండి. కంపెనీ లెక్కలు సేకరించే ఫండమెంటల్స్, బ్రోకరేజీల అంచనాలు చూసే ఎస్టిమేట్స్, ఎవరి చేతిలో ఎన్ని షేర్లున్నాయో చూసే ఓనర్‌షిప్, క్లయింట్ల ప్రశ్నలకు జవాబిచ్చే సపోర్ట్, ఇవన్నీ వేర్వేరు ఉద్యోగాలు. ఫండమెంటల్స్‌లో బ్యాంకులు, బీమా కంపెనీలు చూసే ఉపబృందం దొరికితే వదలకండి. కష్టం ఎక్కువే, కానీ ఆ నివేదికలు చదవడం వచ్చినవాళ్లకు బయట గిరాకీ ఉంది. బ్యాంకు పరీక్షకు చదివినదీ కాస్త పనికొస్తుంది. తరువాత షిఫ్టు స్థిరమా, మారుతుందా, రాత్రి భత్యం జీతంలో కలిపి చూపించారా, విడిగా ఇస్తారా, క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీద దింపేస్తుందా, అన్నీ అడగండి. మొహమాటపడకండి. ఎవరైనా అడిగేవే.

ఇల్లు వెతికేటప్పుడు అద్దె ఒక్కటే చూడకండి. రాత్రి షిఫ్టు పడితే పగలు నిద్రపోవాలి. పక్కనే ఫంక్షన్ హాలుంటే మాఘమాసంలో మీ పని అయిపోయినట్టే.