గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి కొత్త స్క్రీన్ వెయ్యడానికి పాత బాడీ కోసెయ్యొచ్చా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మా చిన్నాన్న దుబాయ్‌లో వెల్డర్‌గా ఉన్న రోజుల్లో తెచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ (నింటెండో వాళ్లది, చేతిలో పట్టుకుని ఆడే గేమ్) ఒకటి సోంపేటలో ట్రంకు పెట్టె అడుగున బయటపడింది. ఊదారంగుది. సెల్లు కారిపోయి, అరలో స్ప్రింగులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఇయర్ బడ్ వెనిగర్‌లో ముంచి తుడిచి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిస్తే రెండు పెన్సిల్ సెల్లుతో ఆన్ అయింది. సౌండు బాగుంది, బటన్లు బాగున్నాయి. బొమ్మే కనపడదు. లోపల లైటు లేదు కదా, ట్యూబ్‌లైటు కిందికి చేరి అటు వంచి ఇటు వంచి చూసుకోవాలి.

ఐపీఎస్ కిట్, అంటే లోపల లైటున్న కొత్త రకం స్క్రీన్, వేద్దామని నా ఆలోచన. అది పాత బాడీలో పట్టాలంటే లోపల స్క్రీన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గట్లు కోసి చదును చెయ్యాలి. ఈ మాట చెప్తే మా స్నేహితుడు "అంతకంటే నాగావళిలో పారెయ్" అన్నాడు. కోయొచ్చా, కోయకూడదా?

మూడు లాంతర్లు (విజయనగరం)

కోయకూడదు. మీ స్నేహితుడు మంచివాడు.

మన చిన్నప్పుడు చేతిలో పట్టుకుని ఆడే గేమంటే సిరిమాను జాతరలో బేరమాడి కొన్న బ్రిక్ గేమే. డబ్బా మీద 9999 గేములని ఉండేది, ఎన్ని నొక్కినా అవే ఇటుకలు. అడ్వాన్స్ లాంటివి గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో ఎవరి సూట్‌కేసులోనో వస్తే చూడ్డమే. 2001 నాటి వస్తువు ఇన్నేళ్లు మీ ఇంట్లో పడి ఉండి కూడా పనిచేస్తోంది. దాని మీదికి కటింగ్ ప్లయర్ తీసుకెళ్లడానికి చెయ్యెలా వస్తుంది?

బాగు చెయ్యడం వేరు, మార్చడం వేరు. మొట్టమొదటి గేమ్ బాయ్‌ల్లో స్క్రీన్ మీద కొన్ని నిలువు వరసలు మాయమైపోతాయి. కింద రిబ్బన్ అతుక్కున్న చోట సోల్డరింగ్ ఐరన్‌తో మెల్లగా వేడి పెడితే తిరిగొస్తాయి. అది బాగు చెయ్యడం, నేనూ చేశాను. కార్ట్రిడ్జ్‌లో (గేమ్ ఉండే బిళ్లలో) సేవ్ కోసం ఉండే బటన్ సెల్లు అయిపోతే కొత్తది వెయ్యడమూ అంతే. మీరడుగుతున్నది అది కాదు. 2020లో మా ఊరి గుర్తుగా ఉన్న పాతకాలపు మూడు లాంతర్ల దిమ్మ కూల్చినప్పుడు ఎంత గొడవయిందో అందరికీ తెలుసు. దాని చోట అంతకంటే వెలుగొచ్చే లైటు పెడతామంటే సరిపోతుందా?

టంకం మాస్టారు (విజయనగరం)

దిమ్మనీ దీన్నీ ఒక గాటన కట్టకండి సార్. ఊరికి ఆ దిమ్మ ఒక్కటే. అడ్వాన్స్‌లు ఎస్‌పీ, మైక్రో మోడళ్లతో కలిపి 8 కోట్ల పైనే అమ్ముడయ్యాయి.

ఈ స్క్రీన్‌ని జనం తిట్టుకోవడం ఇవాళ్టిది కాదు. 2001లో అది బయటికొచ్చిన దగ్గర్నుంచీ "చీకటిగా ఉంది" అన్నదే గోల. 2002కల్లా ఆఫ్టర్‌బర్నర్ అని ఒక లైటు కిట్ వచ్చింది, కొన్నవాళ్లు ఇళ్లలో కూచుని సోల్డర్ చేసుకున్నారు. 2003లో నింటెండోయే ఎస్‌పీ మోడల్‌లో ముందు నుంచి పడే లైటు పెట్టింది. అదీ చాలదని 2005లో అదే ఎస్‌పీకి బ్యాక్‌లైట్ స్క్రీన్ వేసి మళ్లీ అమ్మింది. కంపెనీయే రెండుసార్లు దిద్దుకున్న లోపం మనం దిద్దుకుంటే అపచారమా?

అయితే తమ్ముడూ, కోయాల్సిన పనే లేదు. ఐపీఎస్‌కి సరిపడేలా తయారుచేసిన కొత్త బాడీలు దొరుకుతున్నాయి. 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్ యాప్‌ని నిషేధించాక అందులో నేరుగా తెప్పించుకోవడం పోయింది గానీ, తెచ్చి అమ్మేవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. కాస్త ఎక్కువ పడుతుంది, అంతే. బోర్డు తీసి కొత్త బాడీలో పెట్టు. పాత బాడీ, పాత స్క్రీన్ దాచుకో. రేపు మనసు మారితే మళ్లీ అలాగే బిగించుకోవచ్చు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. పాత స్క్రీన్ రిబ్బన్ బోర్డులోకి దిగే కనెక్టర్‌కి రెండు చివర్లా గోధుమరంగు లాకులుంటాయి. గోరంతైనా ఉండవు. రెండు బొటనవేళ్ల గోళ్లతో ఒకేసారి, సమానంగా పైకి జరపాలి. ఒక పక్కే లాగితే పుటుక్కుమంటుంది, ఆ కనెక్టర్ మార్చడం మామూలు పని కాదు. చాలా కిట్లలో బ్రైట్‌నెస్ కోసం సెలెక్ట్, ఎల్, ఆర్ బటన్ల దగ్గరికి మూడు సన్న వైర్లు సోల్డర్ చెయ్యమంటారు. చెయ్యకపోయినా స్క్రీన్ వెలుగుతుంది. ఐరన్ పట్టడం కొత్తయితే ఆ పని తర్వాతకి పెట్టుకో. హాట్ ఎయిర్ గన్ మాత్రం దీని దగ్గరికి రానివ్వకు. ఈ మధ్య ఒకబ్బాయి మొబైల్ రిపేరు షాపులో ఇచ్చి, సగం కరిగిన బాడీతో నా దగ్గరికొచ్చాడు.

ఉద్దానం జీడి (కవిటి)

స్క్రీన్ గొడవ మీరూ మీరూ సూసుకోండి గానీ, నాదొక మాట. ఈ మధ్య అందరూ సెల్లు తీసీసి లిథియం బ్యాటరీ, సీ టైపు పోర్టు పెట్టీస్తన్నారు. తమ్ముడూ, అది మాత్రం సెయ్యొద్దు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు ఏటి మిగిలిందో మీకు తెల్దా. కొబ్బరి పోయింది, జీడి పోయింది, కరెంటు స్తంభాలు వరసగా పడుకున్నాయి. ఫోన్లు ఒకటీ అరా తప్ప అన్నీ సచ్చిపోయినాయి. ఛార్జింగు కోసం ఎక్కడ జనరేటరుంటే అక్కడ జనం. మా ఇంట్లో పిల్లలకి ఆ రోజుల్లో పాత గేమ్ బాయే దిక్కు. గోడ గడియారంలోంచి తీసిన సెల్లు, టీవీ రిమోట్‌లోంచి తీసిన సెల్లు అన్నీ దానికే పోసినాం. కిళ్లీ బడ్డీలో దొరికీ సెల్లుతో నడిసీ యంత్రాన్ని తెచ్చి, ఛార్జరు లేకపోతే పనికిరాని వస్తువు సేస్తామంటే నాకు నవ్వొస్తది.

ఐపీఎస్ వేసినా కరెంటు ఎక్కువ తాగుద్ది, అది కూడా సెప్పండి మాస్టారూ.

టంకం మాస్టారు

నిజమే, తాగుతుంది. అడ్వాన్స్ రెండు సెల్లుతో 15 గంటలు నడుస్తుందని కంపెనీ లెక్క. ఐపీఎస్ వేశాక అంత రాదు. ఎంత తగ్గుతుందన్నది కిట్‌ని బట్టి, పెట్టుకున్న వెలుగుని బట్టి ఉంటుంది. నాసిరకం సెల్లు వేస్తే పవర్ లైటు తొందరగా ఎర్రబడుతుంది. మంచి రీఛార్జబుల్ పెన్సిల్ సెల్లు రెండు జతలు ఉంచుకుంటే సరి. లిథియం విషయంలో మీతోనే ఉన్నాను. ఊరూపేరూ లేని లిథియం సెల్లుని ప్లాస్టిక్ డబ్బాలో కుక్కి పిల్లల చేతికివ్వలేను. పీఎస్‌పీ (సోనీ వాళ్ల చేతి గేమ్) బ్యాటరీలు ఉబ్బి వెనక మూతలు లేచిపోయినవి చాలా చూశాను.

మూడు లాంతర్లు

చూశారా, జీడి గారి మాటే నా మాట. లైటు పెట్టకపోవడం మతిమరుపు కాదు, లెక్క చూసుకుని చేసిన పని. 1989లో గుంపే యొకోయ్ బృందం మొదటి గేమ్ బాయ్‌ని లైటు లేని, రంగుల్లేని స్క్రీన్‌తో తెచ్చింది. 1990లో సెగా రంగులూ బ్యాక్‌లైటూ పెట్టి గేమ్ గేర్ తెస్తే అది ఆరు సెల్లు మింగి కొన్ని గంటలకే చతికిలబడేది. ఎవరు నెగ్గారో చెప్పక్కర్లేదు. ఆ మసక స్క్రీన్ ఆ ఆలోచనలో భాగం. అది తీసేశాక మీ చేతిలో ఉండేది గేమ్ బాయ్ బోర్డున్న కొత్త బొమ్మ. కొత్త బాడీ, కొత్త స్క్రీన్, కొత్త అద్దం, చాలామంది బటన్లు, రబ్బర్లు కూడా మార్చేస్తున్నారు. పాతది ఏం మిగిలింది?

టంకం మాస్టారు

యొకోయ్ గారు 1996లోనే నింటెండో వదిలేశారు, 1997లో పోయారు. అడ్వాన్స్ 2001ది. ఆయన లెక్కని దీనికి ముడిపెట్టకండి. మిగిలేది బోర్డు. గేమ్ నడిపేది అదే కదా.

ఫోన్ చాలు (రాజాం)

ఇంత చర్చ దేనికండీ. ఫోన్లో ఎమ్యులేటర్ (పాత గేములు నడిపే యాప్) వేసుకుంటే ఆ గేములన్నీ ఉచితం, లైటూ ఉంది, బోలెడు సైజూ ఉంది.

ఉద్దానం జీడి

అద్దం మీద ఏలు జారతది బావూ. నొక్కినట్టే తెల్దు. అందుకే ఈ పాత డబ్బాల ఎనకాల పడతన్నాం.

జూనియర్ లాయరు (విజయనగరం)

"ఉచితం" అన్న మాట దగ్గర ఆగాలి. స్క్రీన్, బాడీ మార్చుకోవడానికీ కాపీరైటుకీ సంబంధం లేదు, మీ వస్తువు మీ ఇష్టం. గేమ్ ఫైళ్లు అలా కాదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)లో ఏఏ క్లాజు ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రామ్ కాపీని న్యాయంగా కలిగి ఉన్నవాళ్లు అది పోకుండా పాడవకుండా రక్షణగా బ్యాకప్ తీసుకోవచ్చు. మీ కార్ట్రిడ్జ్‌లోంచి మీరు తీసుకున్న కాపీకి ఆ వాదన ఉంది. ఎక్కడి నుంచో వేల గేములు దింపుకుని అది చెప్తే నిలవదు. 2012లో 65ఏ సెక్షన్ కూడా చేర్చారు. హక్కుల్ని ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో కాపీ రక్షణ తాళాల్ని ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. పీఎస్‌పీలో కంపెనీది కాని ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించేవాళ్లు ఆ "ఉద్దేశం" అన్న మాట గుర్తుపెట్టుకోండి.

నాగావళి గట్టు

అందరికీ దండాలు. నిన్న చిన్నాన్నకి ఫోన్ చేశాను. ముందు ఆయనకి గుర్తే లేదు. "అదింకా ఉందేటి?" అన్నాడు. కాసేపటికి ఆయనే చెప్పాడు: క్యాంపు గదిలో అందరూ పడుకున్నాక ఆడుకుందామని కొన్నాడట. రాత్రి పది దాటితే లైటు ఆర్పేసేవాళ్లు. చీకట్లో అందులో ఏమీ కనపడేది కాదు. అలా మూలన పడేసి, సెలవుకొచ్చినప్పుడు మా కోసం తెచ్చేశాడు. "లైటు పెట్టించు, ఈసారి నేను కూడా ఆడతాను" అన్నాడు.

మూడు లాంతర్లు

మీ చిన్నాన్న గారి మాట మీద నాకు గౌరవం. కానీ ఆ ఉదంతమంతా ఆ చీకటి స్క్రీన్ వల్లే వచ్చింది కదా, దాన్నే తీసేస్తామంటున్నారు. నా అభిప్రాయం మారలేదు. కోయనంటే చాలు.

నాగావళి గట్టు

కోయను సార్. ముందే మలిచిన పారదర్శకం బాడీ ఆర్డర్ పెడుతున్నాను. సెల్లు అర ఎలా ఉందో అలాగే. ఊదారంగు బాడీ, పాత స్క్రీన్ దాస్తాను.

మూడు లాంతర్లు

అయితే దాచే పద్ధతి చెప్తాను. మన వైపు ఉప్పుగాలి, దానికి తోడు వానాకాలం ఉక్క. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, పొట్లాలు అప్పుడప్పుడు మార్చండి. స్క్రీన్ రిబ్బన్‌ని మడత పెట్టొద్దు. స్క్రీన్ మీద ఏ బరువూ వద్దు. సెల్లు తీసేసి పెట్టాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా, ఆ చిలుం చూశారుగా.

ఉద్దానం జీడి

అంత కష్టమెందుకు, ఆ పాతది నాకిచ్చీయండి.

నాగావళి గట్టు

ఇవ్వను అన్నా. మాస్టారూ, కిట్లలో 32 పిన్ను, 40 పిన్ను అని రెండు రకాలు కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి? వెనక స్క్రూలు మూడు రెక్కలవి, నా దగ్గర ఐఫోన్ విప్పే బిట్ ఉంది, అది తిరగట్లేదు.

టంకం మాస్టారు

ఐఫోన్ది చాలా సన్నం, బలవంతంగా తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది. మొబైల్ స్పేర్ల షాపులో "వై బిట్, పెద్దది" అని అడుగు. సెల్లు అరలో ఉన్నది ఒక్కటే మామూలు ప్లస్ స్క్రూ, అది మర్చిపోయి బాడీని లాగొద్దు. పిన్నుల సంగతి, అడ్వాన్స్ బోర్డులు రెండు రకాలుగా వచ్చాయి, విప్పి కనెక్టర్ చూస్తే గానీ తేలదు. విప్పాక ఫోటో ఇక్కడ పెట్టు. లేదంటే రెండు రిబ్బన్లూ ఉన్న కిట్ చూసి తీసుకో.