వడ్ల సీజన్‌లో ప్రాణాయామం ఆగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

అందరికీ నమస్తే. నేను ఇక్కడ ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. జూన్ నుంచి రోజూ పొద్దున ఐదింటికి లేచి డాబా మీద ఆరు సూర్య నమస్కారాలు, నాడీశోధన (ఒక్కో ముక్కుతో మార్చి మార్చి శ్వాస తీసుకునే ప్రాణాయామం), ఆ తర్వాత పది నిమిషాలు ధ్యానం చేస్తున్నాను. కోపం తగ్గిందని మా ఇంట్లో వాళ్లే అంటున్నారు.

దీపావళి అయిపోయింది. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు జోరందుకున్నాయి. మిల్లు ముందు ట్రాక్టర్ల లైను తెగట్లేదు, ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతోంది. కాంటా దగ్గర చిట్టీలు రాస్తుంటే పుస్తకం మీద పసుపు చల్లినట్టు ఊక దుమ్ము పడుతుంది. పేజీ తిప్పాలంటే ముందు ఊదాలి. ఆ దుమ్మే ముక్కులోకీ పోతోంది. పొద్దున కూర్చుంటే ఎడమ ముక్కు పూర్తిగా బంద్. గట్టిగా పీలిస్తే తలనొప్పి. నాలుగు రోజుల నుంచి మానేశాను. పోయినేడాది కూడా వడ్ల సీజన్‌లోనే ఆగింది, మళ్లీ మొదలుపెట్టేసరికి జూన్ వచ్చింది. ఈసారి ఆగొద్దని చాలా పట్టుదలగా ఉంది. ఎట్లా చేయాలి?

జవాబు (పాలమూరు నుంచి)

తమ్ముడూ, నేను యోగా నేర్పిస్తాను. మొదటి మాట, మూసుకుపోయిన ముక్కుతో బలవంతంగా పీల్చొద్దు. మామూలు రోజుల్లో కూడా కొన్ని గంటలకోసారి ఒక ముక్కు కొంచెం మూసుకుని రెండోది తెరుచుకుంటూ ఉంటుంది. నీకు ఎడమది బంద్ అయితే ఐదు నిమిషాలు కుడి పక్కకు తిరిగి పడుకో, పైనున్న ఎడమ ముక్కు మెల్లగా వదులుతుంది. అప్పటికీ రాకపోతే ఆ రోజుకు నాడీశోధన వదిలేసి, శ్వాసను ఊరికే గమనిస్తూ కూర్చో.

ముక్కులో దుమ్ము పోవాలంటే జలనేతి చెయ్యి, అంటే ఒక ముక్కులో ఉప్పు నీళ్లు పోసి రెండో ముక్కు నుంచి వదలడం. అది పొద్దున కాదు, రాత్రి ఇంటికొచ్చాక చెయ్యి. దుమ్ము చేరేది పగలే కదా. బాగా మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లే వాడాలి, పచ్చి నీళ్లు అసలు వద్దు. అర లీటరుకు చిన్న చెంచాకు కొంచెం తక్కువ ఉప్పు. మొదటిసారి తెలిసినవాళ్ల ముందు చెయ్యి. అయ్యాక ముందుకు వంగి నీళ్లన్నీ పోనివ్వు.

శరత్తులో పిత్తం పెరుగుతుంది, శీతలి (ఒంటిని చల్లబరిచే ప్రాణాయామం) చెయ్యాలి అంటారు. ఆయుర్వేదంలో ఉన్న మాటే. కానీ శీతలిలో గాలి నోటితో పీలుస్తాం, ముక్కు చేసే వడపోత ఉండదు. మిల్లు దగ్గర మాత్రం వద్దు. కార్తీకం చలిలో తెల్లవారుజామునా వద్దు.

ఇంకొకటి, దస్తీ కట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు. ఎన్95 మాస్క్ పెట్టుకో. పిల్లికూతలు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకో.

జవాబు (దేవరకొండ నుంచి)

అన్నా, మాది పత్తి. ఇప్పుడు ఏరే రోజులు, పొద్దున నాకూ తీరదు. సాయంత్రం తులసి కోట దగ్గర దీపం పెట్టి అక్కడే కూర్చుంటున్నాను. పత్తి కాయల మొనలు గుచ్చుకుని వేళ్ల కొసలు మండుతుంటాయి. కళ్లు మూసుకుంటే మొదట తెలిసేది ఆ మంటే. అందుకే ఒక్కో వేలి మీద ఒక్కో శ్వాస లెక్కపెడతాను, పది వేళ్లకు పది. రెండు చుట్లు అయ్యేసరికి మనసు కుదురుతుంది. తర్వాత నడుం కోసం కాళ్లు గోడకు ఆనించి పడుకుంటాను. మీరు కూడా పొద్దున్నే చేయాలని పట్టుబట్టకండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అన్నా, అక్కా, చాలా థాంక్స్. మా వీధిలో నేర్పే ఆయన ముందు నిన్న రాత్రి జలనేతి చేశాను. మొదటి నీళ్లు మట్టి రంగులో వచ్చాయి, చూసి భయమేసింది. ఈరోజే మాస్క్ కొన్నాను. పొద్దున డాబా మంచుకు తడిసి ఉంది, గదిలోనే చాప వేసుకున్నాను. కుడి పక్కకు పడుకుంటే ఎడమ ముక్కు సగం తెరుచుకుంది. సూర్య నమస్కారాలు మూడే చేశాను. తర్వాత అక్క చెప్పినట్టు వేళ్ల మీద లెక్కపెట్టాను. ఏడో వేలి దగ్గర మిల్లు నుంచి ఫోన్ వచ్చింది, ఎత్తలేదు. పదీ అయ్యాకే లేచాను.