చప్పుడు వినబడేసరికే విమానం దాటిపోతోంది: తక్కువ ఎత్తులో వెళ్లే శిక్షణ విమానాలను ముందుగా పసిగట్టడం ఎలా?

ప్రశ్న

నేను తరచూ వెళ్లే కొండవాలు మీదుగా సైనిక శిక్షణ విమానాలు వారానికి రెండు మూడు రోజులు చాలా తక్కువ ఎత్తులో వెళుతుంటాయి. నాలుగు నెలలుగా ప్రయత్నిస్తున్నా, వాటిని సరిగ్గా చూసింది రెండే సార్లు. ఉన్నట్టుండి చెవులు హోరెత్తుతాయి. తలెత్తి ఆ వైపు చూస్తే ఖాళీ ఆకాశం తప్ప ఏమీ ఉండదు. ఎక్కడుందో వెతుక్కునేలోపు విమానం గుట్ట అవతలికి వెళ్లిపోతుంది. విమానాల జాడ చూపే యాప్‌లో ప్రయాణికుల విమానాలు కనిపిస్తున్నాయి గాని, ఇవి మాత్రం కనిపించడం లేదు. కంటితోనే పట్టుకునే పద్ధతి ఏదైనా ఉంటే, అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు 1

మీ చూపులో లోపమేమీ లేదు. మీరు చప్పుడు వచ్చిన వైపు చూస్తున్నారు, పొరపాటల్లా అక్కడే ఉంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. జెట్ శిక్షణ విమానం తక్కువ ఎత్తులో 420 నాట్ల వేగంతో వెళుతోందనుకుంటే, అది సెకనుకు 216 మీటర్లు సాగిపోతుంది. అంటే మీ ముందుగా అడ్డంగా వెళ్లే విమానం మీకు సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు వెలువడిన చప్పుడు మీ చెవిని చేరేసరికి, అది 32 డిగ్రీలు ముందుకు జరిగిపోయి ఉంటుంది. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. కాబట్టి చప్పుడు ఎటు కదులుతోందో గమనించి, ఆ దిశలో మూడు పిడికిళ్లు ముందుకు చూపు వేయండి. విమానం అర కిలోమీటరు దూరంలో ఉన్నా, రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఈ లెక్క మారదు. ప్రొపెల్లర్ విమానాల వేగం ఇందులో సగమే గనుక వాటికి రెండు పిడికిళ్లలోపే సరిపోతుంది.

నేరుగా మీ మీదికే వచ్చే విమానం సంగతి వేరు. మూడు కిలోమీటర్ల అవతల బయలుదేరిన చప్పుడు మీకు వినబడేసరికి అది 1,100 మీటర్ల దగ్గరికి వచ్చేసి ఉంటుంది, మీకు మిగిలేది ఐదు సెకన్లే. పైగా జెట్ హోరు ఎక్కువగా వెనక్కే వెళుతుంది, మధ్యలో కొండ ఉంటే అది కూడా అడ్డుపడుతుంది. అందుకే చెవిని నమ్ముకోకుండా కంటినే ముందు పనిలో పెట్టాలి.

తక్కువ ఎత్తులో ఎగరడం నేర్పేది రాడార్‌కు చిక్కకుండా నేల చాటున సాగిపోవడానికి గనుక, విమానం లోయనూ కనుమనూ పట్టుకునే వస్తుంది. బ్రిటన్‌లో జెట్లకు మామూలుగా అనుమతించే కనీస ఎత్తు 250 అడుగులే. వేల్స్‌లోని మాక్ లూప్ అనే లోయల వరుస దగ్గర కొండవాలు మీద నిలబడినవారికి విమానాలు కంటికి సమానంగా, ఒక్కోసారి కిందుగా కూడా సాగిపోతాయి. కనుక పై ఆకాశాన్ని వదిలేసి కనుమ నోటినీ, గుట్టల అంచునూ చూడండి. ఇంకొక విషయం: ఏమీ లేని ఆకాశం వైపు చూస్తున్నప్పుడు కన్ను తనకు తెలియకుండానే ఒకటి రెండు మీటర్ల దూరానికి సర్దుకుంటుంది, అప్పుడు దూరాన ఉన్న చుక్క మసకబారి కనిపించకుండా పోతుంది. తరచూ దూరపు గుట్ట మీది చెట్టునో, మబ్బు అంచునో చూసి చూపును సరిచేసుకోవాలి. చూపును ఏకబిగిన తిప్పకుండా, పిడికిలంత మేర చొప్పున ఆపి ఆపి చూస్తే, కదిలే వస్తువును కంటి కొసలు వాటంతట అవే పట్టిస్తాయి.

జవాబు 2

పై జవాబుకు కొంత చేర్పు. ఎదురుగా వచ్చే విమానంలో రెక్కలకంటే ముందు కనిపించేది చాలాసార్లు దాని ముందు దీపమే. పొగమంచు పల్చగా ఉన్న ఉదయం కనుమలో కదలని తెల్లటి చుక్క కనిపించి అది క్రమంగా పెద్దదవుతుంటే, అది మీ వైపే వస్తోందని అర్థం. ఆకాశం నేపథ్యంలో ముదురు రంగే బాగా కనిపిస్తుంది; బ్రిటన్ వాయుసేన తన హాక్ శిక్షణ విమానాలకు నిగనిగలాడే నలుపు వేయించింది అందుకే.

పోల్చుకోవడానికి ముందుగా కాక్‌పిట్‌ను చూడండి. ఒకరి వెనక ఒకరు కూర్చుని, వెనక సీటు కాస్త ఎత్తుగా ఉంటే అది శిక్షణ విమానమయ్యే అవకాశం ఎక్కువ. ముక్కున ప్రొపెల్లర్ ఉంటే పిలాటస్ పీసీ-7 లేదా టెక్సన్-2 వంటిది కావచ్చు. జెట్ అయితే రెక్కను గమనించండి: హాక్ రెక్క పొట్ట కింది భాగంలో ఉంటుంది, తోక దగ్గరి చిన్న రెక్కలు కిందికి వాలి ఉంటాయి, ఆల్ఫా జెట్ రెక్క భుజాల ఎత్తున ఉంటుంది.

యాప్‌లో కనిపించకపోవడానికి కారణం, సైనిక విమానాలు చాలావరకు తామున్న చోటును తెలిపే సంకేతాన్ని ప్రసారం చేయకపోవడమే. ముఖ్యంగా, ఒకటి వెళ్లగానే కెమెరా దించేయకండి. ఇవి తరచూ జంటగా వస్తాయి, రెండోది ఒక కిలోమీటరుకు పైగా వెనకో, పక్కనో ఉంటుంది.

జవాబు 3

ఒక్క మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. వైమానిక స్థావరం కంచె దగ్గరికి వెళ్లి ఫోటోలు తీయకండి. చాలా దేశాల్లో అది నేరం. ఫలానా విమానం ఫలానా వేళకు ఫలానా చోట తిరుగుతుందని అందరికీ తెలిసేలా రాయడం కూడా నాకు సమ్మతం కాదు. లేజర్ లైటును విమానం వైపు తిప్పితే పైలట్ కళ్లు కాసేపు చీకట్లు కమ్ముతాయి, ఆ ఎత్తులో ఆ కొద్ది క్షణాలే ప్రాణం మీదికి తెస్తాయి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మూడు గంటలు కనుమ వైపే చూస్తూ కూర్చున్నాను. మొదటిది దీపంతో సహా కనబడింది గాని, అది దాటేటప్పుడు తత్తరపడి కింది నుంచి పొట్ట మాత్రమే చూడగలిగాను. మీరు చెప్పినట్టు చూపు దించకుండా కనుమ వైపే ఉంచాను. కొద్ది సెకన్ల తరువాత రెండోది, చప్పుడు ఇంకా నా చెవిని చేరకముందే, గుట్ట అంచు మీదుగా ఒరిగి తిరిగింది. గాజు కప్పు కింద రెండు హెల్మెట్లు స్పష్టంగా కనిపించాయి, వెనకది కాస్త ఎత్తుగా ఉంది.