బెంగళూరులో చెవితో పెట్టిన టైమింగ్‌తో చెన్నైలో ఇంజన్ కొడుతోంది: చెవి నమ్మాలా, లైట్ నమ్మాలా?

మల్లేశ్వరం_మార్క్2:
నాది 1489 సీసీ అంబాసిడర్. హెడ్ స్కిమ్ చేయించి (అడుగు అరగదీయించి), కామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) మార్చి, పెద్ద కార్బ్యురేటర్ వేశాను. బ్యూరెట్‌తో ఛాంబర్ కొలిస్తే కంప్రెషన్ 9కి దగ్గరగా తేలింది. జేసీ రోడ్ దగ్గర ఒక పెద్దాయన చెవితోనే టైమింగ్ (ప్లగ్‌లో నిప్పురవ్వ పడే సమయం) పెట్టాడు. ఐడిల్‌లో ఇంజన్ ఎక్కడ హుషారుగా తిరిగిందో అక్కడిదాకా, ప్లగ్‌లకు కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్ తిప్పి, రవ్వంత వెనక్కి తెచ్చి బిగించేశాడు. నంది కొండ మూడో గేర్‌లో ఎక్కినా చప్పుడు లేదు. పోయిన వారం చెల్లెలి ఇంటికని చెన్నై వచ్చా. కత్తిపారా ఫ్లైఓవర్ ఎక్కుతుంటే డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఒకటే మోత! తేడా పెట్రోల్‌దా, ఆయన చెవిదా?

పుదుపేట_బాబాయ్:
తమ్ముడూ, మీ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అక్కడ గాలి ఒత్తిడి ఇక్కడికంటే దాదాపు పదో వంతు తక్కువ. చెన్నైకొచ్చేసరికి సిలిండర్లోకి గాలి దండిగా పోతుంది, పైగా ఈ ఎండ. ఆయన తన ఊరికి సరిగ్గానే పెట్టాడు. రెండు డిగ్రీలు వెనక్కి తిప్పు, సరిపోతుంది. స్టాక్ బండికైతే పుస్తకంలో నంబర్ ఉంటుంది. నీ ఇంజన్‌కి పుస్తకం ఎవడు రాశాడు?

లైట్_పట్టినోడు:
బాబాయ్, ఎత్తు మాట ఒప్పుకుంటా, పుస్తకం మాటా ఒప్పుకుంటా. పుస్తకం లేదు కాబట్టే టైమింగ్ లైట్ కావాలి; ప్లగ్ మండిన ప్రతిసారీ వెలిగి, పుల్లీ మీద గీత ఎక్కడుందో చూపిస్తుంది. చెవి వినేది ఐడిల్‌లో, పిస్టన్‌కి చిల్లు పడేది 3500 ఆర్‌పీఎమ్‌లో. పెద్ద కామ్ వేసిన ఇంజన్ ఐడిల్‌లో ఎంత అడ్వాన్స్ (నిప్పురవ్వ ముందుగా పడటం) ఇచ్చినా ఇంకా కావాలంటుంది. దాని మాట వింటే పైన, అంటే ఎక్కువ స్పీడ్‌లో, 40 డిగ్రీలు దాటిపోతుంది.

మార్క్2 గారూ, ముందు అసలు టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) పట్టుకోండి. ఒకటో సిలిండర్ ప్లగ్ చోట స్టాపర్ బిగించి, ఇంజన్‌ని చేత్తో మెల్లగా రెండు వైపులా తిప్పండి. ఆగిన రెండు చోట్లా పుల్లీ మీద గీత పెడితే, ఆ రెండింటి మధ్యే టీడీసీ. నా పుల్లీ అడ్డం 130 మి.మీ., చుట్టుకొలత 408. అంటే పైన నేను పెట్టుకున్న 32 డిగ్రీల అడ్వాన్స్‌కు 36 మి.మీ. మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టా (ఇంకా తిడుతోంది). డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వాక్యూమ్ పైపు పీకి మూసేసి, ఇక గీత కదలదన్నంత వరకు రేజ్ చేసి లైట్‌తో చూడండి.

హోసూరు_పద్మిని:
ఇంత గొడవెందుకు, బాగా రిటార్డ్ చేసి (వెనక్కి తిప్పి) పారేస్తే సేఫ్ కదా?

పుదుపేట_బాబాయ్:
సేఫ్ ఎక్కడ? మంట సగం సైలెన్సర్ వైపు పోతుంది. గిండీ ట్రాఫిక్‌లో రేడియేటర్ పొంగుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు మాడుతుంది. అలాంటి బండ్లు చాలానే విప్పా.

ఇంకోటి, ఆ 32 ఎక్కడిది? హెడ్ స్కిమ్ చేస్తే మంట తొందరగా పాకుతుంది, అడ్వాన్స్ తక్కువ చాలు. 28 కూడా కావచ్చు. అది చెప్పేది రోడ్డు, నీ లైట్ కాదు.

లైట్_పట్టినోడు:
అది కరెక్టే. 28తో మొదలుపెట్టి, ఫ్లైఓవర్ మీద విని, ఒక్కో డిగ్రీ పెంచుకోవాలి.

మల్లేశ్వరం_మార్క్2:
లైట్ అద్దెకు తెచ్చా. డిస్ట్రిబ్యూటర్లో పాయింట్స్ (కరెంట్ తెంచే స్విచ్) గ్యాప్ 0.5 మి.మీ. ఉంది! 0.38కి తెచ్చాకే చూశా (గ్యాప్ ఎక్కువైతే అదే అడ్వాన్స్ అయిపోతుందట). అయినా ఐడిల్‌లో 16, పైన 42. డిస్ట్రిబ్యూటర్ విప్పితే, స్పీడ్‌తో అడ్వాన్స్ పెంచే ప్లేటు మీద 13 అని కొట్టి ఉంది. డిస్ట్రిబ్యూటర్ తిరిగేది క్రాంక్‌లో సగం స్పీడ్‌తో కాబట్టి, క్రాంక్ లెక్కలో రెట్టింపు, 26. లెక్క అతికింది. ఇప్పుడు కింద 4, పైన 30 పెట్టా. మోత పోయింది, కానీ ఐడిల్‌లో బండి నిద్రపోతోంది.

పుదుపేట_బాబాయ్:
అది మీ కామ్ పుణ్యం. ప్లేటు ఆగే చోట కాస్త వెల్డింగ్ పెట్టించి 13ని 10 చేయించు. అప్పుడు కింద 10 పెట్టుకున్నా పైన 30 దాటదు. పుదుపేటలో చేసేవాళ్లున్నారు, నేనూ వస్తా. ఈ మాట మాత్రం లైట్ చెప్పలేదు, గుర్తుంచుకో.

లైట్_పట్టినోడు:
42 అని చెప్పింది లైటే బాబాయ్.

మల్లేశ్వరం_మార్క్2:
ఆదివారం తిరుగు ప్రయాణం. బెంగళూరు చేరాక మళ్లీ రెండు డిగ్రీలు ముందుకు తిప్పనా?

పుదుపేట_బాబాయ్:
తిప్పకు. చెల్లెలు మళ్లీ పిలవదా ఏంటి?