పీచు పెంచినా ఎల్‌డీఎల్ ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న:
పొద్దున రెండు చెంచాల గోధుమ తవుడు, సాయంత్రం నాలుగు ఓట్స్ బిస్కెట్లు, రాత్రికి ఇనులిన్ (మొక్కల నుంచి తీసే ఒక రకం పీచు)తో చేసిన ఫైబర్ గమ్మీలు. ప్యాకెట్ల మీది అంకెలు కూడితే రోజుకు 10 గ్రాముల పైనే అదనపు పీచు. ఎనిమిది వారాల తర్వాత చూస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 152 నుంచి 150కి వచ్చింది, అంతే. మలబద్ధకం మాత్రం పోయింది. పీచుతో కొలెస్ట్రాల్ తగ్గుతుందన్నది నిజమేనా? నిజమైతే ఏ పీచు, ఎన్ని గ్రాములు, ఎన్నాళ్లు తినాలి?

సమాధానం 1:
నిజమేనండీ, కానీ అన్ని పీచులూ ఆ పని చేయవు. నీళ్లలో కరిగి జిగురుగా మారే రకమే చేస్తుంది. మీరు తీసుకున్న మూడింటిలో ఆ జిగురు దాదాపు లేదు.

కాలేయం పైత్య ఆమ్లాలను కొలెస్ట్రాల్‌తోనే తయారు చేస్తుంది. అవి పేగులోకి వచ్చి కొవ్వు అరగడానికి సాయపడతాయి. పని కాగానే దాదాపు 95 శాతం చిన్నపేగు చివర్లో మళ్లీ రక్తంలోకి చేరి కాలేయానికి వెళ్లిపోతాయి. దారిలో జిగురు ఉంటే కొన్ని అందులో చిక్కుకుని మలంతో బయటికి పోతాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. మీకు కావలసింది ఈ లాగుడే.

గోధుమ తవుడులో ఎక్కువ భాగం కరగని పీచు. పేగు కదలికకు మంచిది, అందుకే మలబద్ధకం పోయింది. ఇనులిన్ కరుగుతుంది గానీ చిక్కబడదు. ఇక నాలుగు బిస్కెట్లలో ఒక గ్రాము బీటా గ్లూకాన్ (ఓట్స్‌లోని జిగురు పీచు) రావడం కూడా కష్టం. పైగా వెన్నతోనో పామాయిల్‌తోనో చేసినవైతే ఆ సంతృప్త కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. నా ఉద్దేశంలో ముందు మానేయాల్సింది వాటినే.

తేడా కళ్లతో చూడాలంటే రెండు గ్లాసుల నీళ్లు తీసుకోండి. ఒకదాంట్లో చెంచాడు ఇసబ్గోల్, ఇంకోదాంట్లో చెంచాడు ఇనులిన్ పొడి కలిపి పది నిమిషాలు ఆగండి. మొదటిది గంజిలా ముద్దకట్టి చెంచాకు అంటుకుంటుంది. రెండోది నీళ్లలాగే ఉంటుంది.

సమాధానం 2:
పై జవాబుకు కొలతలు జోడిస్తాను.

ఓట్స్ లేదా బార్లీలోని బీటా గ్లూకాన్ రోజుకు 3 గ్రాములు అందాలి. పచ్చి ఓట్స్‌లో అది సుమారు 4 నుంచి 5 శాతం, అంటే 70 గ్రాముల ఓట్స్. చాలామంది 30 గ్రాములు వేసుకుని ఫలితం లేదంటారు. ఓట్స్ తవుడైతే 45, 50 గ్రాములు చాలు. కొలకప్పును నమ్మకండి, తూకం వేయండి.

ఇసబ్గోల్ రోజుకు 10 గ్రాములు, రెండు విడతలుగా, భోజనంతో పాటు. పైత్యం పేగులోకి దిగేది అప్పుడే కాబట్టి జిగురూ అప్పుడే అక్కడ ఉండాలి. మొదటి వారం 3 గ్రాములతో మొదలుపెట్టి వారానికి కొంచెం పెంచండి. ఒకేసారి పెంచితే గ్యాస్, ఉబ్బరంతో వారంలోనే మానేస్తారు. ప్రతి విడతకూ కనీసం 240 మిల్లీలీటర్ల నీళ్లు ఉండాలి, కలిపిన వెంటనే తాగేయాలి. పొడిగా మింగితే గొంతులోనో అన్నవాహికలోనో ఉబ్బి అడ్డం పడుతుంది. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

వీటికి తోడు అరకప్పు ఉడికించిన బీన్స్ (మొత్తం పీచు సుమారు 6 గ్రాములు), తొక్కతో ఒక ఆపిల్, గుప్పెడు బాదం. అవిసె గింజలైతే పొడి చేసుకోండి, నమలకుండా మింగితే చాలావరకు అలాగే బయటికొస్తాయి. పండ్ల రసం లెక్కలోకి రాదు, వడకట్టినప్పుడే పీచు పోయింది.

ఇలా చేస్తే 5 నుంచి 10 శాతం తగ్గుదల ఆశించవచ్చు. మీ 152 మీద అది 8 నుంచి 15 పాయింట్లు. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) పెద్దగా మారవు. పూర్తి మోతాదు అందుకున్నాక ఆరు వారాలకు పరీక్ష చేయించండి. ఒకే మనిషికి ఎల్‌డీఎల్ రోజుకీ రోజుకీ 5 శాతం పైగా మారుతుంటుంది, కాబట్టి 2 పాయింట్ల తేడా తగ్గుదలా కాదు, పెరుగుదలా కాదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. డాక్టర్ స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మొదలుపెట్టమంటే దాని బదులు ఇసబ్గోల్ సరిపోతుందా?

సమాధానం 3:
సరిపోదండీ. స్టాటిన్ మోతాదును బట్టి ఎల్‌డీఎల్‌ను 30 నుంచి 50 శాతం దించుతుంది. అది పీచుకు అందని దూరం. ముఖ్యంగా ఎల్‌డీఎల్ 190 దాటితే, లేదా గతంలో గుండెపోటు వచ్చి ఉంటే, మందు ఆపి పీచు ప్రయత్నించడం ప్రమాదం. అయితే రెండూ కలిస్తే మంచి జోడీ. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే అదనంగా వచ్చేది 6 శాతమే. ఇసబ్గోల్ చేరిస్తే దాదాపు అంత తగ్గుదల, మోతాదు పెంచకుండానే వస్తుంది.

మాత్రలకూ ఇసబ్గోల్‌కూ మధ్య కనీసం రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు ఎడం పెట్టండి. ఆ జిగురు మందునూ పట్టుకుంటుంది. లిథియం, కార్బమాజెపిన్, డిగాక్సిన్ వాడేవాళ్లు మొదలుపెట్టే ముందే డాక్టర్‌కి చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉంటే బీన్స్ పెంచే ముందు రక్తంలో పొటాషియం ఎంతుందో చూపించుకోండి.