డెహ్రాడూన్ దగ్గర పది నెలల మిషనరీ ట్రైనింగ్: ఇద్దరు పిల్లలతో వెళ్తున్నాం, ఏమేం చూసుకోవాలి?

గుంటూరు_చిన్నకుటుంబం

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. జూలై మొదటి వారంలో నేను, నా భార్య డెహ్రాడూన్ దగ్గర మిషనరీ ట్రైనింగ్‌లో చేరుతున్నాం. కోర్సు ఏప్రిల్ చివరి దాకా. బాబుకు ఏడేళ్లు, ఇక్కడ ప్రభుత్వ బడిలో రెండో తరగతి. పాపకు పది నెలలు. ఒక గది, చిన్న వంటగది ఉన్న క్వార్టర్ ఇస్తామన్నారు. మధ్యాహ్నం, రాత్రి భోజనం మెస్సులో. బాబు బడి, పాప తిండి, చలి, మాకు అంతంతమాత్రంగా వచ్చిన హిందీ, నా భార్య క్లాసులు ఎలా కుదురుతాయన్నది మా దిగులు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

క్వార్టర్స్_అక్క

తమ్ముడూ, వందనాలు. మీ జాబితాలో మీ భార్య క్లాసులు చివరన ఉన్నాయి. వాటిని మొదటికి తీసుకురండి. పిలుపు ఇద్దరిదీ, ఫీజు ఇద్దరికీ. కానీ పాపకు జ్వరం వస్తే క్లాసు మానేది తల్లే. ఫొనెటిక్స్ (ధ్వనులు విని పలకడం నేర్పే పాఠం), భాషాశాస్త్రం లాంటివి నిన్నటి పాఠం మీద నేటి పాఠం నిలబడేవి. మొదటి నెలలో నాలుగైదు క్లాసులు పోతే తర్వాత కూర్చున్నా అర్థం కావు. అప్పుడు ఆమె మెల్లగా మానేస్తుంది, దాన్ని అందరూ సహజం అనుకుంటారు. అలా జరగనివ్వకండి.

బయల్దేరకముందే ప్రిన్సిపాల్ గారికి రాసి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. పిల్లల్ని చూసుకునే గది ఏ గంట నుంచి ఏ గంట వరకు తెరుస్తారు? ఎన్ని నెలల పిల్లల్ని తీసుకుంటారు? (కొన్నిచోట్ల నడక వచ్చినవాళ్లనే తీసుకుంటారు.) ఉదయ ప్రార్థనకు ఇద్దరూ రావాలా, ఒకరు వస్తే చాలా? పాలిచ్చే తల్లికి వర్క్ డ్యూటీ (క్యాంపస్ పనుల వంతు) తగ్గిస్తారా? పాపను చేర్చుకోబోమంటే క్లాసులు పంచుకోండి: సోమ, బుధ, శుక్ర ఆమె, మంగళ, గురు, శని మీరు. ఫొనెటిక్స్ మాత్రం పంచుకోవద్దు. అది చెవితో, నోటితో నేర్చేది, నోట్సు చూస్తే రాదు. ఆ గంటకు పాపను ఎత్తుకోవడానికి క్వార్టర్స్‌లో ఇంకో కుటుంబంతో మాట్లాడుకుని, వాళ్ల పిల్లల్ని మీరూ అంతే సేపు చూడండి. వెళ్లినవాళ్లు ఆ రాత్రే ఇరవై నిమిషాలు కూర్చుని రెండోవాళ్లకు పాఠం చెప్పాలి. ఆదివారానికి వాయిదా వేస్తే అది జరగదు.

ఇక వంటగది. ఇండక్షన్ స్టవ్ పట్టుకెళ్లే ముందు ప్లగ్గు పాయింటు అడగండి. మామూలు చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, అంటే దాదాపు 1,380 వాట్లు. ఇండక్షన్ 2,000 వాట్ల దాకా లాగుతుంది, సాకెట్ కరిగిపోవచ్చు. అందుకే చాలా హాస్టళ్లలో వద్దంటారు. ఒక లీటరు రైస్ కుక్కర్ 500 వాట్ల లోపే, దానికి చిన్న సాకెట్ చాలు, పాప అన్నం దాంట్లోనే మెత్తగా అవుతుంది. గ్యాస్ పెట్టుకోనిస్తే అయిదు కిలోల చిన్న సిలిండర్ గుర్తింపు కార్డు చూపి కొనుక్కోవచ్చు, అక్కడి చిరునామా రుజువు అక్కర్లేదు.

రాగులు మోసుకెళ్లకండి. ఉత్తరాఖండ్‌లో వాటిని మండువా అంటారు, పిండి కొట్లలో దొరుకుతుంది. కందిపప్పును అర్హర్ అని అడగాలి. సోనా మసూరికి బదులు రోజూ వండుకునే బియ్యం కావాలంటే పర్మల్ అడగండి. దూన్ లోయ సున్నపురాయి నేల, నీళ్లు గట్టివి, అంటే సున్నం ఎక్కువ. పప్పు ఉడక్కపోతే కుక్కర్‌ను తిట్టకండి, ముందు అరగంట నానబెట్టండి. కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటే నిమ్మరసం కలిపిన నీళ్లు మరగబెడితే పోతుంది. కారం, చింతపండు, ఒక ఆవకాయ జాడీ ఇంటి నుంచే తీసుకెళ్లండి.

ఎంఈఓ_ఆఫీసు_అనుభవం

బాబు బడి గురించి. మనకు బడులు జూన్‌లో తెరుస్తారు, అక్కడ ఏప్రిల్‌లోనే. మీరు వెళ్లేసరికి పుస్తకం కొంత అయిపోయి ఉంటుంది. అందుకని సీటు ముందుగానే ఫోన్లో మాట్లాడుకోండి.

టీసీ, స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. వేరే రాష్ట్రం కనుక టీసీ మీద ఎంఈఓ కౌంటర్ సంతకం పెట్టించండి, అక్కడి బడులు అడుగుతుంటాయి. అందరూ మర్చిపోయేది ఒకటుంది: దేశంలోని బడిపిల్లల ఆన్‌లైన్ రికార్డు యూడైస్ ప్లస్‌లో బాబు పేరును పాత బడివాళ్లు, బడి మారే పిల్లల జాబితా అయిన డ్రాప్‌బాక్స్‌లోకి పంపాలి. పంపకపోతే కొత్త బడి తన రికార్డులోకి లాక్కోలేదు. హెడ్మాస్టర్ గారి దగ్గర పని అయ్యేదాకా కూర్చోండి, పెన్ నంబరు (ఆ రికార్డులో బాబుకిచ్చిన శాశ్వత సంఖ్య) రాసుకోండి. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోనంటే, విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ అందుకు ఒప్పుకోదు.

మన ప్రభుత్వ బడుల్లో హిందీ ఆరో తరగతి నుంచి కదా, బాబుకు అక్షరం కూడా తెలియదు. ఇప్పటి నుంచే రోజుకు పావుగంట నేర్పండి. క ఖ గ ఘ వరస మనదే కనుక సగం పని అయినట్టే. తడబడేది గుడి దగ్గర. హిందీలో హ్రస్వ గుడి పలకడం హల్లు తర్వాతే గానీ, రాయడం హల్లుకు ముందు. ‘కి’ని ‘ఇక్’ అని చదివేస్తారు. అలాగే పదం చివరి అకారం పలకరు, కమల అని రాసినా కమల్ అనే చదవాలి. ఈ రెండూ పట్టుబడితే మిగతాది ఆటల్లో వస్తుంది. తెలుగు చదవడం మాత్రం రోజూ ఇంట్లో జరగాలి. జూన్‌లో తిరిగొచ్చి మూడో తరగతిలో కూర్చోవాలిగా.

ఫీల్డ్_భాష

పెద్దవాళ్ల హిందీకి ఒక్క సలహా: నామవాచకాన్ని ఒంటరిగా నేర్చుకోవద్దు. చాయ్ కాదు, ‘అచ్ఛీ చాయ్’. దూధ్ కాదు, ‘అచ్ఛా దూధ్’. పానీ చివర ఈకారం ఉన్నా పుంలింగమే, ‘ఠండా పానీ’. మన భాషలో పాలకు, నీళ్లకు ఇలాంటి ఆడ మగ తేడా లేదు కనుక తెలుగువాళ్లు తప్పు చేసేది ఇక్కడే. రోజుకు అయిదు వాక్యాలు చాలు. కానీ వాటినే ఆ సాయంత్రం పదిహేను ఇరవై మంది దగ్గర పలకండి: కూరగాయల బండి, పాలవాడు, కాపలాదారు. మనుషులతో ‘ఆప్’ అనండి. ప్రార్థనలో మాత్రం దేవుణ్ణి ‘తూ’ అనే వింటారు, మనం ‘నీవు’ అన్నట్టే. మొదటిసారి విని ఉలిక్కిపడొద్దు.

ఫీల్డు (ట్రైనింగ్‌లో భాగంగా పంపే ఊరు) చక్రాతా కొండల వైపు జౌన్సార్‌లో పడితే ఇంటి భాష జౌన్సారీ, హిందీ సగం దూరమే తీసుకెళ్తుంది. 1909లో, తర్వాత బిషప్ అయిన అజరయ్య గారు తమిళనాడు నుంచి డోర్నకల్ వచ్చి మన తెలుగు నేర్చుకున్నారు. మనం చేయబోయేదీ అదే పని.

ఒక గట్టి మాట: ఉత్తరాఖండ్‌లో మతమార్పిడి చట్టం 2018 నుంచి ఉంది, 2022లో శిక్షలు పెంచారు. ఫీల్డు వారాల్లో ట్రైనింగ్‌వాళ్లు చెప్పిన హద్దు దాటొద్దు. ఎవరికీ డబ్బు, వస్తువు, వైద్యసాయం సొంతంగా మాట ఇవ్వొద్దు.

గుంటూరు_చిన్నకుటుంబం

అక్కా, అన్నలూ, చాలా వందనాలు. ప్రిన్సిపాల్ గారికి ఈ రాత్రే రాస్తాం. చలికి హీటర్ ఇక్కడే కొనాలా? పాప టీకాలు, రేషన్ సంగతి?

ఏఎన్ఎం_అక్క

చలికంటే ముందు వాన వస్తుంది. జూలై, ఆగస్టుల్లో బట్టలు ఆరవు. పాపకు గుడ్డ లంగోటాలు కనీసం ఇరవై ఉంచుకోండి, గదిలో తాడు కట్టుకోండి. ఉన్ని బట్టలు ఇక్కడ కొనొద్దు. డెహ్రాడూన్ పరేడ్ గ్రౌండ్ దగ్గర టిబెటన్ మార్కెట్ ఉంది, చలి మొదలయ్యే వేళ అక్కడ కొనుక్కోండి. జనవరి రాత్రుళ్లు అయిదారు డిగ్రీలకు దిగుతుంది. పాపకు ఒక మందపాటి స్వెట్టర్ కన్నా మూడు పలచటి పొరలు మేలు. హీటర్‌కూ ఇండక్షన్‌కు చెప్పిన 6 ఆంపియర్ల లెక్కే వర్తిస్తుంది. బొగ్గుల కుంపటి, అక్కడ అంగీఠీ అంటారు, మూసిన గదిలో పెట్టుకుని పడుకోకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఎంత చలైనా సరే, వద్దు.

పాపకు తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా, విటమిన్ ఎ పడ్డాయో లేదో ఈ వారమే కార్డులో చూడండి. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య డీపీటీ బూస్టర్, పోలియో బూస్టర్, ఎంఆర్ రెండో డోసు వేయాలి. పాపకు పదహారు నెలలు నిండేసరికి మీరు అక్కడే ఉంటారు. తల్లీబిడ్డ కార్డు అసలుది తీసుకెళ్లండి, దగ్గరి ఆరోగ్య ఉపకేంద్రంలో ఉచితంగా వేస్తారు. ఆరోగ్యశ్రీని (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) నమ్ముకుని వెళ్లొద్దు, ఆసుపత్రి ఖర్చుకు కొంత డబ్బు విడిగా పెట్టుకోండి.

రేషన్ కార్డు కేంద్ర ఆహార భద్రత కింద ఉన్నదైతే ఆధార్ వేలిముద్రతో అక్కడి చౌకధరల దుకాణంలో బియ్యం, గోధుమలు తీసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా ఇచ్చిన కార్డు అయితే కుదరదు. మీది ఏదో సచివాలయంలో అడిగి, ఇంట్లో అందరి ఈకేవైసీ పూర్తిచేయించుకుని రైలెక్కండి.